తప్పు జరిగినప్పుడు: కౌంటర్ దగ్గరే చెప్పాలా, లోపలికి పిలిచి చెప్పాలా?

కొత్తగా బ్రాంచి మేనేజర్లయినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. మొన్న ప్రమోషన్ మీద వెళ్లిన ఇద్దరు ఒకే వారంలో ఫోన్ చేసి అడిగారు: "మేడమ్, స్టాఫ్ తప్పు చేస్తే అక్కడే చెప్పేయాలా, తర్వాత క్యాబిన్‌లోకి పిలవాలా?" బ్యాంకు ఉద్యోగంలో నేను రెండూ చేశాను. అందుకే రెండింటి సంగతీ రాస్తున్నాను.

అక్కడే చెప్పాలనేవాళ్ల వాదనలో బలం ఉంది. వోచర్ చేతిలో ఉంటుంది, ఎంట్రీ స్క్రీన్ మీద ఉంటుంది. దేని గురించి మాట్లాడుతున్నామో విడమరచి చెప్పే పని ఉండదు. సాయంత్రం దాకా ఆగితే సగం మర్చిపోతాం, లేదా పోనీలే అని వదిలేస్తాం. వదిలేసింది మళ్లీ జరుగుతుంది. కొన్నింటికైతే ఆగే వీలే లేదు. ఒకరి పాస్‌వర్డ్‌తో ఇంకొకరు లాగిన్ అయినా, క్యాష్ సేఫ్ తాళాలు రెండూ ఒకరి చేతిలోనే కనిపించినా, మనం పొరపాటున ఎక్కువిచ్చిన డబ్బు పట్టుకుని కస్టమర్ గుమ్మం దాటుతున్నా ఆ క్షణమే ఆపాలి. అయితే అక్కడ కావలసింది ఆపడం ఒక్కటే. "ఒక్క నిమిషం, ఆ క్యాష్ మళ్లీ లెక్కపెట్టండి" అంటే సరిపోతుంది. మందలింపు అప్పుడే అక్కర్లేదు. ఆపడం వేరు, మందలించడం వేరు అని నాకు అర్థమవడానికి చాలా ఏళ్లు పట్టింది.

గోదావరి జిల్లాల్లో ఒక మండల కేంద్రంలో పనిచేస్తున్న రోజులవి. పంట రుణాల రెన్యువల్ సీజన్, హాలు నిండా రైతులు. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న రైతులు ఇద్దరున్నారు. అప్పుడే ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి ఒకాయన కట్టిన 45,000 రూపాయలను రెండో ఆయన ఖాతాలో జమ చేసింది. కట్టినాయన వచ్చి నా అప్పు ఇంకా ఎందుకు చూపిస్తోందని గొడవపడ్డాడు. నేను లేచి హాల్లోకి వచ్చి "చూసుకుని పని చెయ్యడం రాదా?" అని గట్టిగా అరిచాను. అందరూ అటు తిరిగారు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. తల దించుకుని ఎంట్రీ సరిచేసింది.

ఆ ఎంట్రీని పాస్ చేసింది నేనే. ఆమె వేసినదాన్ని ఖాతా నంబరుతో సహా సరిచూసి ఆమోదించడం నా పని. ఆ వారంలో ఆడిట్ ఉంది, పొద్దున్నుంచి నాకు టెన్షన్. ఆ కేకలో ఆమె తప్పు కన్నా నా భయమే ఎక్కువుంది. ఇది కూడా నాకు వెంటనే తట్టలేదు. రెండు నెలల తర్వాత ఒకరోజు క్యాష్‌లో 2,000 తగ్గితే, ఆమె నాతో చెప్పకుండా తన డబ్బు వేసి టాలీ చేసిందని తోటి ఉద్యోగి చెబితే తెలిసింది. నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు కౌంటర్లు తెరవకముందు ఆమెకు క్షమాపణ చెప్పాను. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెప్పాను.

ఏది మేలో తేల్చేది నా దృష్టిలో ఇదే: రేపు ఇంకో తప్పు జరిగితే అది మన దగ్గరకు వస్తుందా, దాక్కుంటుందా? బ్యాంకులో 2,000 తగ్గడం కన్నా తగ్గిందని ఎవరూ చెప్పకపోవడం చాలా ప్రమాదం. హార్వర్డ్ ప్రొఫెసర్ ఆమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆస్పత్రి వార్డుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద పరిశోధన చేశారు. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువుంటాయనుకుంటే, లెక్కలో ఎక్కువ కనిపించాయి. ఆ టీముల్లోని నర్సులు జరిగింది జరిగినట్టు బయటికి చెప్పగలుగుతున్నారు, అందుకే లెక్కకు ఎక్కువ వస్తున్నాయని ఆమె అర్థం చేసుకున్నారు. అది చదివినప్పుడు నాకు ఆ అమ్మాయే గుర్తొచ్చింది.

కాబట్టి నేను లోపలికి పిలవమనే చెబుతాను. దానికీ ఇబ్బందులున్నాయి. క్యాబిన్‌లోకి పిలుపు వస్తే అందరికీ తెలిసిపోతుంది, పిలిపించుకున్నవాళ్ల గుండె దడదడలాడుతుంది. అందుకే మంచి మాటలు చెప్పడానికి కూడా పిలవడం అలవాటు చేసుకున్నాను. మర్నాటికి వాయిదా వేయను. ఆ రాత్రంతా వాళ్లు నలిగిపోతారు. క్యాష్ క్లోజ్ అయ్యాక, ఇంటికి బయల్దేరేలోపు మాట్లాడతాను. పిలిచేముందు ఇందులో నేను చేసిందేమిటని ఆలోచించుకుంటాను. కోపం ఇంకా ఉంటే టీ తాగి వస్తాను. కూర్చున్నాక మొదటి మాట "ఏం జరిగిందో చెప్పమ్మా" అనే ఉంటుంది. వాళ్లు చెబుతుంటే చాలాసార్లు నాకు తెలియనిది బయటపడుతుంది: ఆ రోజు ఇద్దరి కౌంటర్లూ ఒక్కరే చూశారనో, భోజనానికి కూడా లేవలేదనో.

పై ఆఫీసుకు మాత్రం "మా బ్రాంచిలో పొరపాటు జరిగింది" అనే రాస్తాను, పేరు ముందుకు తోయను. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ విఫలమైనప్పుడు అప్పటి ఇస్రో చైర్మన్ సతీశ్ ధావన్ విలేకరుల ముందు బాధ్యత తన మీద వేసుకున్న సంగతి, 1980 జూలై 18న విజయం వచ్చినప్పుడు ఆ ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాంగారిని మాట్లాడమన్న సంగతి అందరికీ తెలిసిందే. నాకు అందులో ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. లోపల విచారణ మానలేదు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో వాల్వ్ లీకైందని తేల్చాకే ముందుకెళ్లారు. బయట కాపాడటమంటే లోపల వదిలేయడం కాదు.

వాట్సాప్ గ్రూపులో తప్పు రాయడం హాల్లో అరవడంతో సమానం, పైగా స్క్రీన్‌షాట్ మిగిలిపోతుంది. విడిగా మెసేజ్ పెట్టడం కూడా నాకు నచ్చదు, అందులో మన గొంతు వినిపించదు. మెమో అన్నది చెప్పినా వినకుండా పదేపదే చేసేవాళ్లకూ, డబ్బు విషయంలో నిజాయితీ లేనివాళ్లకూ.

క్యాబిన్ లేని చిన్న బ్రాంచిల్లో ఉన్నవాళ్లు ఎక్కడికి పిలవాలి అని అడుగుతుంటారు. నేను రికార్డు రూములో రెండు స్టూళ్లు వేయించుకునేదాన్ని.