అమ్మ కోసం కొన్న సెకండ్ హ్యాండ్ ఫోన్: మూడు నెలలు వాడాక

అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో అమ్మ కోసం శాంసంగ్ గెలాక్సీ ఎం31 కొన్నాను. 6 జీబీ ర్యామ్, 128 జీబీ మెమరీ. ఏడు వేలు చెప్పారు, బేరమాడితే 6,200కి ఇచ్చారు. ఇప్పటికి మూడు నెలలైంది. ఫోన్ బాగుంది, కొన్న షాపు ఇంకా బాగుంది. అసలు తిప్పలన్నీ సిమ్ దగ్గర, రీఛార్జ్ దగ్గర పడ్డాం. అందుకే అవి కూడా రాస్తున్నాను.

పోయినేడాది ఆన్‌లైన్‌లో చూసి ఒకాయన దగ్గర నేరుగా ఫోన్ కొని నాలుగు వేలు పోగొట్టుకున్నాను. ఆయన చెప్పిన స్క్రీన్ లాక్ నంబరు పనిచేయలేదు. బటన్లు నొక్కి రీసెట్ చేస్తే, పాత ఓనర్ గూగుల్ అకౌంట్ అడిగింది. ఆయన మళ్లీ కాల్ ఎత్తలేదు. ఆ ఫోన్ ఇంకా బీరువాలోనే ఉంది. ఆ బాధ ఉంది కాబట్టే ఈసారి ఎంత ఆలస్యమైనా సరే, అన్నీ చూశాకే డబ్బులివ్వాలనుకున్నాను.

ఈ షాపుకి బోర్డు కూడా లేదు. టెంపర్డ్ గ్లాసులు అమ్మే కౌంటర్ పక్కన నాలుగడుగుల జాగా. అద్దాల కింద ఫోన్లు వరసగా పేర్చి, ఒక్కోదాని వెనక తెల్ల టేపు అంటించి ధర రాశారు. నేను అడగకముందే కుర్రాడు ఫోన్ నా చేతిలో పెట్టి, "అక్కా, ముందు మీ సిమ్ వేసి ఒక కాల్ చేసి చూడండి" అన్నాడు. అక్కడే మా వారికి కాల్ చేసి మాట్లాడాను. తర్వాత స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ కొట్టి ఐఎంఈఐ నంబర్లు, అంటే ఫోన్‌ని గుర్తుపట్టే నంబర్లు చూపించాడు. కెవైఎం (KYM) అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెల నంబరు రాసి 14422కి మెసేజ్ పంపమన్నాడు. కంపెనీ పేరు, మోడల్ పేరు తిరిగి వచ్చాయి, రెండూ చేతిలో ఉన్న ఫోన్‌వే. ఆ జవాబులో బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడకంలో ఉందనో వస్తే ఆ ఫోన్ కొనకూడదు. దొంగ ఫోన్ చేతికి రాకుండా ఉండటానికి ఇంతకంటే సులువైన దారి నాకు తెలీదు.

స్టార్ హాష్ సున్నా స్టార్ హాష్ కొడితే శాంసంగ్ ఫోన్లలో టెస్టింగ్ పేజీ తెరుచుకుంటుంది. స్క్రీన్ మొత్తం ఎర్రగా, పచ్చగా, నీలంగా మారుతుంటే ఎక్కడైనా మచ్చ ఉందేమోనని దగ్గరగా పెట్టుకుని చూశాను. టచ్ టెస్ట్‌లో చిన్న చిన్న గళ్లు వస్తాయి. వేలు రాస్తూ పోతే ఒక్కోటీ పచ్చగా మారతాయి. అంచుల వెంబడి కూడా ఒక్క గడి మిగల్లేదు. చివరికి నా ముందే సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీసెట్ చేసి, నా అకౌంట్‌తో ఓపెన్ చేయించాడు. బిల్లు మీద ఐఎంఈఐ నంబరు రాసి, పది రోజుల వారంటీ అని సంతకం పెట్టాడు. అప్పుడే డబ్బులు తీసుకున్నాడు.

ఊరికి తీసుకెళ్లాక మొదలైంది కథ. అమ్మది పన్నెండేళ్ల నాటి సిమ్, పెద్ద సైజు. కట్ చేసి పెట్టొచ్చు గానీ, అది 4జీకి పనికొచ్చేది కాదు. బ్యాంకుకి, గ్యాస్‌కి అన్నింటికీ అదే నంబరు కాబట్టి కొత్త నంబరు తీసుకునే ప్రశ్నే లేదు. అదే నంబరుతో కొత్త సిమ్ ఇవ్వాలంటే, సిమ్ అమ్మ పేరు మీదే ఉంది కాబట్టి ఆధార్ పట్టుకుని ఆమే రావాలన్నారు సిమ్ కంపెనీ స్టోర్‌వాళ్లు. ఆటోలో సూర్యాపేట వెళ్లాం. మొదటి రోజు సర్వర్ రావట్లేదని పంపించేశారు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని రెండోసారి తిప్పడం నాకు చాలా బాధనిపించింది. ఫోన్ చేసి కనుక్కుందామంటే ఆ స్టోర్‌లో ఎవరూ ఎత్తరు.

రెండో రోజు నానో సిమ్ ఇచ్చారు. మధ్యాహ్నం రెండింటికల్లా కాల్స్ వచ్చాయి. మెసేజ్‌లు మాత్రం రాలేదు. సాయంత్రానికి అమ్మకి ఒకటే టెన్షన్: "బిడ్డా, బ్యాంకు మెసేజ్ ఒక్కటి కూడ రాలే. పైసలేమన్న పోయినయా?" సిమ్ మార్చాక 24 గంటలు మెసేజ్‌లు ఆపేస్తారు. మన నంబరు మీద ఎవరైనా మోసంతో సిమ్ తీయించుకుంటే, ఓటీపీలు వెంటనే వాళ్ల చేతికి చిక్కకూడదని పెట్టిన నియమం అది. మంచి నియమమే. కానీ సిమ్ ఇచ్చినాయన ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే అమ్మ ఆ రాత్రి నిద్రపోయేది.

నెట్ కూడా రాలేదు. పైన 4జీ అని కనిపిస్తోంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఫోనే పాడైందని మా తమ్ముడు గట్టిగా వాదించాడు. గంటసేపు సెట్టింగ్స్ అన్నీ తిప్పాక గుర్తొచ్చింది: కీప్యాడ్ ఫోన్ కదా అని అమ్మకి ఇన్నాళ్లూ కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉన్న 84 రోజుల ప్యాక్ వేస్తున్నాం. అందులో డేటానే లేదు! డేటా ఉన్న ప్లాన్ వేశాక రెండు నిమిషాల్లో నెట్ వచ్చింది. వాట్సాప్ ఓటీపీ మెసేజ్‌లో రాదు కాబట్టి కాల్ ద్వారా తెప్పించుకున్నాం.

రీఛార్జ్ వేసేటప్పుడు రోజులు చూసుకోండి. 28 రోజుల ప్లాన్ అయితే ఏడాదికి 13 సార్లు వేయాలి. 30 రోజుల ప్లాన్ కనీసం ఒకటైనా ఉండాలని 2022లోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం ఇచ్చింది, అడిగి తీసుకోండి. నేను అమ్మకి అదే వేస్తున్నాను.

ఫోన్ సంగతికొస్తే, 6000 ఎంఏహెచ్ బ్యాటరీ. పాతదైనా అమ్మ వాడకానికి ఒకటిన్నర రోజు వస్తోంది. ఈజీ మోడ్ పెట్టాక అక్షరాలు, బొమ్మలు పెద్దవయ్యాయి, కళ్లజోడు లేకుండానే మనవడికి వీడియో కాల్ చేస్తోంది.

ఎనిమిదో రోజున అవతలివాళ్ల మాట సన్నగా వినిపిస్తోందని అమ్మ చెప్పింది. వారంటీ అయిపోతుందని భయపడి షాపుకి ఫోన్ చేశాను. "అక్కా, మీరు రాకండి. స్క్రీన్ గార్డ్ పైకి జరిగి స్పీకర్ సందుని మూసిందేమో చూడమనండి" అన్నాడు కుర్రాడు. అదే అయింది. తమ్ముడు గార్డ్ తీసేసి, మెత్తటి బ్రష్‌తో ఆ సందు తుడిచి, గార్డ్ కాస్త కిందికి అంటించాడు. మర్నాడు కుర్రాడే కాల్ చేసి అమ్మకి వినపడుతోందా అని అడిగాడు.