చట్టాన్ని సవాలు చేయాలంటే హైకోర్టా, సుప్రీంకోర్టా?

ఏ కొత్త చట్టం గెజిట్‌లోకి వచ్చినా నన్ను అడిగేది ఒకటే: "నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లిపోతే పోలా?" రాజ్యాంగంలోని 32వ అధికరణ ఆ దారి ఇచ్చింది, అది స్వయంగా ప్రాథమిక హక్కు కూడా. అయినా చాలా సందర్భాల్లో నా మాట 226వ అధికరణకే, అంటే హైకోర్టుకే.

32 కింద వెళ్తే ప్రాథమిక హక్కు దెబ్బతిందని చూపించాలి. 226కి ఆ హద్దు లేదు. భూసేకరణ సంగతే తీసుకోండి. 44వ సవరణ పుణ్యమా అని 1979 నుంచి ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు కాదు, 300ఏ అధికరణ కిందికి వెళ్లింది. పొలం పోతోందన్న రైతు అసలు గోడు 300ఏ ఒక్కదాని మీద ఢిల్లీలో నిలబడదు, 14నో (సమానత్వ హక్కు) 21నో (జీవించే హక్కు) ఆసరా తెచ్చుకోవాలి. హైకోర్టులో ఉన్నదున్నట్టు చెప్పుకోవచ్చు. ఈ అంశం మీద చట్టం చేసే అధికారమే రాష్ట్రానికి లేదన్న వాదనకైనా అంతే.

నా దృష్టిలో అసలు తేల్చే విషయం వేరే ఉంది: ఓడిపోతే ఏమవుతుంది? హైకోర్టులో ఓడితే పైన సుప్రీంకోర్టు ఉంది. అక్కడే మొదలుపెట్టి ఓడితే మిగిలేవి తీర్పుని మళ్లీ చూడమని అదే కోర్టుని అడిగే రివ్యూ, అదీ పోతే చివరి ప్రయత్నంగా వేసే క్యూరేటివ్ పిటిషన్లే. అవి నెగ్గడం చాలా అరుదు. పైగా చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు అంటే 141వ అధికరణ ప్రకారం దేశంలోని కోర్టులన్నీ దానికి కట్టుబడాలి. రేపు మనకంటే గట్టి ఆధారాలున్న మరో జిల్లా రైతుకి కూడా మన తొందర అడ్డుపడుతుంది. నాకు భయం అక్కడే.

హైకోర్టులో ఆలస్యమని టెన్షన్ పడేవాళ్లకి ఒక్క ఉదాహరణ. రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలం తగ్గిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో ఆర్డినెన్స్ వచ్చింది 2020 ఏప్రిల్ 10న. హైకోర్టు దాన్ని కొట్టేసింది మే 29న. కేంద్ర చట్టమైతే తీర్పు మన రాష్ట్రం దాటదన్న అనుమానమూ అక్కర్లేదు. ఆ తీర్పు దేశమంతటికీ వర్తిస్తుందని 2004లోనే కుసుమ్ ఇంగాట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

131వ అధికరణ ప్రభుత్వాల మధ్య తగాదాలకి, మనకి సంబంధం లేదు. కింది కోర్టులు చట్టాన్ని కొట్టేయలేవు.

సుప్రీంకోర్టుకి పొమ్మని నేను చెప్పేది ఒకే కేంద్ర చట్టం మీద రెండు హైకోర్టులు రెండు రకాలుగా తీర్పిచ్చినప్పుడు. అది అక్కడే తేలాలి.