పగిలిన పూజగంటతో బెళ్ళగుంఠ వైపు రెండు ప్రయాణాలు

మా నాయనమ్మ నాటి కంచు గంట అంచు దగ్గర బీటేసింది. కొడితే టక్కుమని ఆగిపోయేది. కొత్తది కొందామంటే అమ్మ ఒప్పుకోలేదు, ఆ కంచుతోనే మళ్ళీ పోయించమంది. అలా పర్లాకిమిడి నుంచి గంజాం జిల్లా బెళ్ళగుంఠ దగ్గర కంసారీల వీధికి వెళ్ళాం. మన కంచరవాళ్ళనే అక్కడ కంసారీలంటారు.

మొదటిసారి గోపాల్‌పూర్‌లో దిగి తప్పు చేశాం. సముద్రం, గది, చేపల భోజనం అన్నీ బాగున్నాయి, కానీ అది బరంపురానికి ఒక పక్క, బెళ్ళగుంఠ ఇంకో పక్క. ఆస్కా మీదుగా బస్సులు మారి చేరేసరికి మధ్యాహ్నమైంది, తెల్లవారుజామున వెలిగించిన కొలిమి అప్పటికే చల్లారిపోయింది. అయినా గంటలు పోసే కంసారీ పెద్దాయన విసుక్కోకుండా గంట తూకం వేసి, అచ్చు ఆరాలి, వారం తర్వాత రమ్మన్నారు.

రెండోసారి బెళ్ళగుంఠకి దగ్గర్లోని భంజనగర్‌లో చిన్న లాడ్జిలో దిగాం. వేడినీళ్ళు బకెట్లో తెచ్చిస్తారు, అంతే సౌకర్యం, కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, తెల్లవారుజామున ఐదింటికి ఆటో దొరికింది. ఈ పనికి వెళ్ళేవాళ్ళు అక్కడే ఉండండి. బరంపురంలో తెలుగుతో గడిచిపోతుంది, ఆస్కా దాటాక నాలుగు ఒడియా ముక్కలు రావాలి.

పని చూడాల్సిందే. మట్టి ముద్ద మీద తేనెమైనంతో గంట ఆకారం చేసి, పైన మెత్తటి మట్టి పూసి ఆరబెడతారు, తర్వాత కాలిస్తే మైనం కరిగిపోయి లోపల ఖాళీ మిగులుతుంది. మైనం ఎంత తూగిందో దానికి దాదాపు తొమ్మిది రెట్లు లోహం కావాలట, అందుకే ముందే తూచి పెట్టుకుంటారు. కంచు అంటే సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం. మళ్ళీ కరిగిస్తే తగరం కొంత కాలిపోతుంది కాబట్టి, మా గంట ముక్కలు మూసలో, అంటే లోహం కరిగించే పాత్రలో, కరిగాక చివర్లో కాస్త కొత్త తగరం వేశారు. నారింజ రంగు ధార అచ్చు నోట్లోకి సన్నగా దిగుతుంటే అమ్మ కొంగు పట్టుకుని రెప్ప వేయకుండా చూసింది.

అచ్చు చల్లారాక పగలగొడితే నల్లగా, గరుకుగా బయటపడింది. ఆకురాయితో రుద్ది, తాడుకి వేలాడదీసి, కర్రతో ఒక్కటే దెబ్బ కొట్టారు పెద్దాయన. నాదం మోగుతూనే ఉంది, ఆయన చెయ్యెత్తి మమ్మల్ని మాట్లాడొద్దన్నారు. పూర్తిగా ఆగాకే గంట లోపల కొట్టుకునే నాలుక బిగించారు.

కూలి, తగరం కలిపి ముందు చెప్పిన రేటే తీసుకున్నారు. బెళ్ళగుంఠలో వంగే ఇత్తడి చేపలు కూడా ప్రసిద్ధి, బొమ్మ పట్టుకుని ఊపితే ఒళ్ళంతా కదులుతుంది. తొందరపడి బజార్లో కొనకండి, చేసేవాళ్ళ ఇంటి దగ్గరే చూడండి.

కంచు కింద పడితే పగులుతుంది. అందుకే నాలుకకి గుడ్డ చుట్టి, పలాస దాకా అమ్మ గంటని ఒళ్ళోనే పెట్టుకుంది.