"సేమ్ ఇంజినే సార్": వాడిన ఇంజిన్ వేయించిన మూడేళ్ళకి రాస్తున్న రివ్యూ

కారుకి వాడిన ఇంజిన్ వేయించి 3 ఏళ్ళు దాటింది, దాని మీద 38,000 కిలోమీటర్లు తిరిగాను. ముందే చెప్పేస్తున్నా, ఇంజిన్ మీద నాకు కోపమేం లేదు. నా కోపమంతా "సేమ్" అన్న మాట మీదే. అమ్మినాయన సేమ్ అన్నాడు, మెకానిక్ సేమ్ అన్నాడు, ఇంజిన్ కోడ్ (ఇంజిన్ ఏ రకమో చెప్పే గుర్తు) చూసి నేనూ సేమే అనుకున్నా.

పాతది 2,40,000 తిరిగింది. వెయ్యి కిలోమీటర్లకి లీటరు పైనే ఆయిల్ తాగేది, వెనక నీలం పొగ, సిగ్నల్ దగ్గర ఆగితే వెనక కారువాళ్ళు అద్దాలు ఎక్కించేసుకునేవాళ్ళు. కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) కొలిస్తే రెండు సిలిండర్లలో 7 బార్, ప్లగ్ తీసిన రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలిస్తే 10కి లేచింది. అంటే వాల్వులు కాదు, రింగులూ బోరూ పోయినట్టు. సిలిండర్లకి బోరింగ్ చేయించుకోవచ్చు, నిజమే, కానీ కింద బేరింగులు కూడా కొడుతున్నాయి, మొత్తం విప్పితే ఇంకా ఏమేం బయటపడతాయో మెకానిక్కే తెలీదు. అందుకే వాడిన ఇంజిన్ వైపు వెళ్ళాం.

కొనేముందు చూడాల్సినవన్నీ చూశాననే అనుకున్నా. బ్లాక్ మీద కొట్టిన కోడ్ మాదానితో కలిసింది, కంప్రెషన్ నాలుగింట్లో 11.5 నుంచి 12 మధ్యలో వచ్చింది, ఆయిల్ మూత కింద పాలలాంటి మడ్డి లేదు, ప్లగ్గులు పొడిగా ఉన్నాయి. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని వాళ్ళు చెప్పిన నంబర్ నేను పట్టించుకోలేదు, మీరూ పట్టించుకోకండి, విప్పి పక్కన పెట్టిన ఇంజిన్‌కి మీటర్ ఉండదు కదా. ఎక్కించేముందే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, థర్మోస్టాట్ కొత్తవి వేయించా, ఇంజిన్ బయట ఉన్నప్పుడు చేయి పట్టినంత సులువుగా తర్వాత పట్టదు.

ఇక్కడే నాకు ఆశ పుట్టింది. మెకానిక్ వచ్చి "సార్, దీంతో వచ్చిన క్లచ్ ప్లేటు మీదానికన్నా బాగుంది, ఫ్లైవీల్‌తో సహా అలాగే ఉంచేద్దామా" అన్నాడు. ఫ్లైవీల్ అంటే ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం, క్లచ్ కూర్చునేది దాని మీదే. "ఊరికే వస్తోంది కదా, ఉంచేయ్ అన్నా" అన్నాను. ఆ ఒక్క ముక్కకి 5 రోజులు పోయాయి.

ఇంజిన్ ఎక్కింది, వైరింగ్ కలిపారు, నీళ్ళు ఆయిల్ పోశారు. ముందు పెట్రోల్ కనెక్షన్ తీసి కాసేపు సెల్ఫ్ కొట్టి ఆయిల్ లైటు ఆరేదాకా తిప్పారు, అప్పుడు కనెక్షన్ ఇచ్చి మళ్ళీ సెల్ఫ్ కొడితే తిరుగుతుంది తిరుగుతుంది అంటుకోదు. ప్లగ్గులకి కరెంట్ రావట్లేదు. స్కానర్ పెడితే పీ0336, అంటే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరగడాన్ని చూసే సెన్సార్ నుంచి వచ్చే సిగ్నల్ తేడాగా ఉందని. సెన్సార్ పోయిందన్నారు, కొత్తది తెచ్చి వేశాం, అదే కోడ్. వైరు ఎక్కడో నలిగిందన్నారు, వైరింగ్ మొత్తం విప్పి ఒక్కో వైరూ మీటర్ పెట్టి చూశారు, అన్నీ బాగానే ఉన్నాయి. మూడో రోజు ఇంకొకాయన వచ్చి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పోయింది మార్చేయండి అన్నాడు, ఎంత తేలిగ్గా అన్నాడంటే బల్బు మార్చమన్నట్టు. వారం కింద అదే ఈసీయూ, పొగ వేస్తూనే అయినా, బండిని నడిపింది కదండీ!

నాలుగో రోజు రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే తట్టింది, స్కానర్‌లో సెల్ఫ్ కొట్టినప్పుడు ఆర్పీఎం సున్నాకి పడుతుంది లేస్తుంది మళ్ళీ పడుతుంది. సెన్సార్ చచ్చిపోతే సున్నా దగ్గరే ఉండాలి కదా, పడిలేవడం ఎందుకు? అంటే అది ఏదో చూస్తోంది, చూసింది దానికి అర్థం కావట్లేదు. మా ఇంజిన్‌లో క్రాంక్ సెన్సార్ చూసేది ఫ్లైవీల్ అంచు మీద కోసిన పళ్ళని, సెల్ఫ్ మోటార్ పట్టుకునే పళ్ళు కాదు, పక్కన ఇంకో వరస ఉంటుంది. ఆ వరసలో ఒకచోట పన్ను ఉండదు, ఆ ఖాళీని బట్టే పిస్టన్ ఎక్కడుందో కంప్యూటర్‌కి తెలుస్తుంది.

పొద్దున్నే వెళ్ళి మూల పడేసిన నా పాత ఫ్లైవీల్ తుడిచి, సుద్దతో ఒక పన్నుకి గీత పెట్టి లెక్కపెట్టా. 58 పళ్ళు, రెండు పళ్ళ ఖాళీ. తర్వాత కారులో సెన్సార్ తీసి, ఆ రంధ్రంలోకి టార్చి వేసి నేను లెక్కపెడుతుంటే మెకానిక్ ముందు పుల్లీకి స్పానర్ వేసి కొంచెం కొంచెంగా తిప్పాడు. నేను 22 దగ్గర తప్పు లెక్కపెట్టి మళ్ళీ మొదలుపెట్టా, ఆయన తిట్టుకున్నాడు. వచ్చింది 35. మళ్ళీ తిప్పాం, మళ్ళీ 35, ఒక్క పన్ను ఖాళీ. ఇంజిన్ అదే, కోడ్ అదే, కాకపోతే తర్వాతి ఏడాది మోడల్‌కి వేరే రకం ఈసీయూ పెట్టారు, దానికి తగ్గట్టు ఫ్లైవీల్ మార్చారు. మాది 58 పళ్ళ కోసం చూస్తుంటే దాని ముందు 35 తిరుగుతున్నాయి, పాపం అదేం చేస్తుంది.

గేర్‌బాక్స్ మళ్ళీ దించారు. ఫ్లైవీల్ విప్పగానే మెకానిక్ ఏమీ మాట్లాడకుండా నన్ను పిలిచి వేలు పెట్టి చూపించాడు, క్రాంక్ వెనక సీల్ చుట్టూ తడి. మొదటిసారి ఫ్లైవీల్ విప్పనేలేదు కాబట్టి ఆ సీల్ ఎవరూ చూడలేదు. పళ్ళు సరిపోయి బండి ఆ రోజే స్టార్ట్ అయ్యుంటే నాలుగు నెలలకి ఆ ఆయిల్ క్లచ్ మీదకి చేరేది, అప్పుడు గేర్‌బాక్స్ దించాల్సిందే. సీల్ కొత్తది, ఫ్లైవీల్ బోల్టులు కొత్తవి (అవి రెండోసారి వాడకూడదు, సాగుతాయి), నా పాత ఫ్లైవీల్ మీద ఆ మంచి క్లచ్ ప్లేటు. సాయంత్రం ఒక్క సెల్ఫ్‌కి అంటుకుంది. ఐడిల్‌లో బానెట్ మీద గ్లాసుతో నీళ్ళు పెడితే వణకలేదు, ఆ వీడియో తీసి అందరికీ పంపాను.

ఇప్పటి మాట చెప్తా. పికప్ నిజంగా తేడా, ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేర్‌కి వెళ్ళే అవసరం తగ్గింది. గ్లాసు నీళ్ళ సంగతి వేడెక్కాక మాత్రమే, చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేస్తే ట్యాపెట్లు పది పదిహేను సెకన్లు టక టక మంటాయి, మొదటి ఏడాది అది లేదు, లేదో నేను వినలేదో. చుక్క ఆయిల్ తాగట్లేదని అప్పట్లో చెప్పుకున్నా, ఇప్పుడు 5,000 కిలోమీటర్లకి అర లీటర్‌కి కాస్త తక్కువ పోస్తున్నా, పాతదాంతో పోలిస్తే ఇదేం లెక్క కాదులెండి. ఇంకోటి, ఊరికే వచ్చిందన్న ఆ క్లచ్ ప్లేటు 21,000 దగ్గర జారడం మొదలెట్టింది, ముచ్చటగా మూడోసారి గేర్‌బాక్స్ దిగింది.

మళ్ళీ ఇలాంటి పరిస్థితి వస్తే చేయిస్తానా అంటే, నా బండికైతే చేయిస్తా. బాడీకి తుప్పు లేదు, గేర్‌బాక్స్ గట్టిగా ఉంది, మొత్తం 11 రోజులు కారు లేకపోయినా ఇంట్లో బైక్ ఉంది, పైగా మెకానిక్ ఫోన్ ఎత్తడం మానేసే రకం కాదు. రోజూ కారు మీదే పని ఉన్నవాళ్ళకి, లేదా బాడీ కూడా చిల్లులు పడుతున్న బండికి, నేను చెప్పలేను. చేయించేవాళ్ళు మాత్రం పాత ఇంజిన్‌ని అప్పుడే తీసుకెళ్ళనివ్వకండి, కొత్తది 500 కిలోమీటర్లు తిరిగి మొదటి ఆయిల్ మార్చేదాకా అన్ని ముక్కలూ దగ్గరే ఉంచుకోండి. సెన్సార్లు, ఇన్‌టేక్ మానిఫోల్డ్, ఫ్లైవీల్, అన్నీ మీవే కొత్త ఇంజిన్ మీదకి ఎక్కించమనండి. బండి కాగితాల్లో ఇంజిన్ నంబర్ ఉంటే అదీ మార్పించుకోండి, కొన్న రసీదు పారేయకండి.

ఆ 35 పళ్ళ ఫ్లైవీల్ ఇంకా మా షెడ్డులోనే ఉంది, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాను. ఎవరికైనా దానికి సరిపోయే ఈసీయూ ఉన్న బండి ఉంటే చెప్పండి, కానీ వచ్చి ముందు పళ్ళు లెక్కపెట్టుకుని తీసుకెళ్ళండి.