ఎన్‌పీటీఈఎల్ కోర్సు: ర్యాంకు అడగని పాఠాలు

మా మేనకోడలు గుంటూరులో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో రెండో సంవత్సరం చదువుతోంది. ఎన్‌ఐటీలో సీటు రాలేదన్న బెంగ ఇంట్లో పెద్దవాళ్లకు ఇంకా తీరలేదు. ఐఐటీలూ బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ వీడియో పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఆమె పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో డేటా స్ట్రక్చర్లు (సమాచారాన్ని అమర్చే పద్ధతులు), అల్గారిథమ్‌లు (లెక్కను అంచెలంచెలుగా తేల్చే పద్ధతులు) నేర్పే కోర్సు చేసింది. పాఠాలు చెప్పినవారు చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మాధవన్ ముకుంద్. ఆమె చదువును దగ్గరుండి చూసినవాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇందులో చేరడానికి డబ్బు కట్టనక్కరలేదు. సర్టిఫికెట్ కావాలనుకున్నవారే ఫీజు కట్టి, కేటాయించిన కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. సాధారణంగా వందలో 25 మార్కులు వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు, 75 పరీక్షకు ఉంటాయి. చేరేటప్పుడు ఎవరూ ర్యాంకు అడగరు, గడువు దాటితే మార్కులు పోతాయే తప్ప ఎవరూ మందలించరు. కాబట్టి కోర్సు చివరిదాకా సాగడం పూర్తిగా విద్యార్థి పట్టుదల మీదే ఆధారపడుతుంది.

వరుసలో పేర్చిన సంఖ్యలను ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ కావలసినదాన్ని వెతికే బైనరీ సెర్చ్ పాఠం దగ్గర మా మేనకోడలు వీడియో ఆపి, నోట్‌బుక్‌లో పదహారు సంఖ్యలు వరుసగా వేసుకుని, ప్రతిసారీ మధ్య సంఖ్య చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, అక్కరలేని సగాన్ని కొట్టేస్తూ, తన ప్రోగ్రాం ఎక్కడ తప్పుతోందో తానే పట్టుకుంది. అన్నం చల్లారిపోతోందని మా అక్క పిలుస్తున్నా లేవలేదు. అదే కాలేజీ నుంచి ఆమెతోపాటు చేరిన స్నేహితురాలు మూడో వారానికే మానేసింది.

అలాగని పేరున్న సంస్థకు విలువ లేదని నేను అనను. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు, తోటివారి పోటీ, సీనియర్ల పరిచయాలు ఏ వీడియోతోనూ రావు. అయితే అమెరికాలో పరిశోధకులు స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు చేసి, ఒకేలా ప్రవేశం పొందినవారిలో ఎక్కువ పేరున్న కాలేజీకి వెళ్లినవారి సంపాదన మిగిలినవారికంటే పెద్దగా ఎక్కువ లేదని తేలింది. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం ఆ పేరు మేలు చేసింది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న పిల్లలకు మంచి సంస్థలో సీటు వస్తే వదులుకోమని చెప్పడం అన్యాయం. సీటు రానివారు ఈ కోర్సుల్లో తప్పక చేరాలి.

కోర్సులు ఏటా జనవరిలోనూ జూలైలోనూ మొదలవుతాయి. తెలుగు మీడియం నుంచి వచ్చినవారు తమ కోర్సుకు తెలుగు అనువాదం ఉందేమో ముందే చూసుకుని, సెమిస్టరుకు ఒక్క కోర్సే తీసుకుంటే మంచిది.