చిగుళ్ళ గ్రాఫ్టింగ్ కోసం డల్లాస్ నుంచి భీమవరం దాకా

కింది వరుస ముందు పళ్ళ దగ్గర చిగురు దిగిపోయి, వేరు పసుపుగా బయటపడి, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోంది అనేవాళ్ళు మా స్నేహితుల్లోనే చాలామంది ఉన్నారు. అందరూ "ఇండియా వెళ్ళినప్పుడు చూద్దాంలే" అంటారు. నేను మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు గ్రాఫ్టింగ్, అంటే అంగిలి నుంచి చిన్న ముక్క తీసి చిగురు దిగిపోయిన చోట అతికించే ఆపరేషన్, చేయించుకునే వచ్చాను, అందుకే ఎక్కడెక్కడ చూపించానో, ఎక్కడ ఉన్నామో, ఏది పనికొచ్చిందో రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తాను: ఈ ఆపరేషన్‌కి ఊరు ఎంచుకునేటప్పుడు రేటు తర్వాత చూడొచ్చు, కుట్లు విప్పేదాకా ఆ ఊళ్ళోనో దగ్గర్లోనో ఉండగలరా లేదా అన్నది ముందు తేల్చుకోండి.

నాది బ్రష్ గట్టిగా తోమడం వల్ల వచ్చింది కాదు. చిగుళ్ళు పుట్టుకతోనే పల్చన, దానికి తోడు కాలేజీ రోజుల్లో వేసిన క్లిప్పులతో కింది పన్ను ఒకటి ఎముక అంచుకి కాస్త ముందుకి జరిగింది, పైగా కింది పెదవిని చిగురుకి పట్టి ఉంచే సన్నటి పొర మాట్లాడినప్పుడల్లా ఆ చిగురుని లాగుతూ ఉంటుందట. ఇదంతా డల్లాస్‌లో డాక్టరు చెప్పారు. ఆయన చెప్పిన వైద్యం మీద నాకు అభ్యంతరం లేదు, ఖర్చు మీదే. ఒక్కో పన్నుకి వెయ్యి డాలర్ల పైమాటే, మా డెంటల్ ఇన్సూరెన్స్‌లో ఏడాదికి ఇచ్చే డబ్బు వేరే పంటికి రూట్ కెనాల్‌తోనే అయిపోయింది. అంగిలి నుంచి కండ తీయడం ఇష్టం లేకపోతే దానం చేసిన మనిషి చర్మాన్ని శుద్ధి చేసి తయారుచేసిన పొర వాడొచ్చు అన్నారు గానీ దానికి ఇంకా ఎక్కువ అవుతుందన్నారు.

హైదరాబాద్‌లో ముందు కొండాపూర్‌లో సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. వంటగది ఉంది, ఫ్రిజ్ ఉంది, లిఫ్ట్ ఉంది, మెట్రో మాత్రం నడిచి వెళ్ళేంత దగ్గర కాదు. బస బాగానే ఉంది. క్లినిక్ విషయంలోనే మనసు విరిగింది. ఐటీ ఆఫీసులున్న వైపు పెద్ద క్లినిక్, పేరు రాయను. రిసెప్షన్ స్టార్ హోటల్‌లా ఉంది, ఎక్స్‌రే వెంటనే తీశారు, స్క్రీన్ మీద నా పళ్ళన్నీ తిప్పి తిప్పి చూపించారు. ఆ తర్వాత "లేజర్ పెడితే చిగురు మళ్ళీ పెరిగిపోతుంది మేడమ్" అన్నారు. పోయిన చిగురు లేజర్‌తో తనంతట తాను పెరిగిరాదు. ఉన్న చిగురుని పైకి జరిపి కుట్టాలి, లేదా ఇంకో చోటి నుంచి తెచ్చి అతికించాలి. అంగిలి నుంచి తీస్తారా, చేసేది చిగుళ్ళ స్పెషలిస్టేనా అని అడిగితే "మా స్పెషలిస్ట్ వారానికి ఒకసారి వస్తారు" అన్నారు. మరి ఆపరేషనయ్యాక మధ్యలో రక్తం కారితే ఎవరు చూస్తారు? దానికి జవాబు రాలేదు. కౌంటర్ దగ్గర చెప్పిన రేటు ఒకటి, సాయంత్రం ఫోన్‌లో చెప్పింది ఇంకొకటి. డబ్బు పెట్టడానికి సిద్ధపడి వచ్చిన మనిషిని ఇలా తికమక పెట్టడం నాకు చాలా బాధ అనిపించింది.

నగరంలోనే విడిగా ప్రాక్టీసు చేసే చిగుళ్ళ డాక్టరు ఒకావిడకి కూడా చూపించాను. బాగా చెప్పారు. పక్కపక్క పళ్ళ మధ్య ఉండే చిగురు, ఎముక నిలిచి ఉంటే వేరు మొత్తం కప్పే అవకాశం ఉంటుంది, అక్కడ కూడా పోయి ఉంటే పూర్తిగా కప్పుతామని మాటివ్వలేం అని చేతి అద్దం పట్టుకుని చూపించి మరీ చెప్పారు. నా పళ్ళ మధ్య చిగురు బాగానే ఉందట. అయితే కింది ముందు పళ్ళకి చేసే గ్రాఫ్ట్‌లో అసలు ఉద్దేశం అక్కడ చిగురుని మందంగా, గట్టిగా చేయడం, వేరు కప్పడం ఆ తర్వాతి మాట అన్నారు. నాకు అక్కడే చేయించుకోవాలనిపించింది, కానీ ఆవిడకి ఖాళీ ఉన్న తారీఖులు సరిగ్గా మేం మా ఆయన వాళ్ళ ఊరు పాలకొల్లులో ఉండే రోజులు. కుట్లతో రాత్రంతా రైల్లో కుదుపులు పడుతూ వెళ్ళొద్దని ఆవిడే అన్నారు.

లింగంపల్లిలో నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి పాలకొల్లుకి దగ్గర్లోనే ఉన్న భీమవరం టౌన్‌లో దిగాం. పండక్కి ఈ బండికి టికెట్ దొరకాలంటే రిజర్వేషన్ తెరిచిన రోజే చేసుకోవాలి. ఇంకో సంగతి, సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేలకి జనం ఎక్కడెక్కడి నుంచో దిగుతారు కాబట్టి భీమవరంలో లాడ్జి గది అడగడమే దండగ, దొరికినా రేటు ఆకాశంలో ఉంటుంది. కనుమ వెళ్ళాకే వైద్యం పెట్టుకోండి. అరిసెలు, జంతికలు, సున్నుండలు ముందే తినేయొచ్చు కూడా, తర్వాత ఎలాగూ కుదరదు.

ఊరి బయట విష్ణుపూర్‌లో ఉన్న విష్ణు డెంటల్ కాలేజీలో చేయించుకున్నాను. కాలేజీ ఆసుపత్రి అంటే మా అత్తగారు సందేహించారు, "పిల్లలు నేర్చుకునే చోట నీ నోరు ఎందుకమ్మాయ్" అని. నిజమే, పీజీ విద్యార్థులు చేస్తారు, పక్కన ప్రొఫెసర్ ఉంటారు, ప్రైవేటులో కంటే ఎక్కువసేపు పడుతుంది. ఆ ఎక్కువసేపు నాకు మంచిగానే అనిపించింది, ప్రతి అడుగూ చెప్పి చేశారు. ఖర్చు ప్రైవేటుతో పోల్చడానికి కూడా లేదు. హైదరాబాద్‌లో నాకు ఒక పన్నుకి 12 వేల నుంచి 25 వేల దాకా చెప్పారు. ఇక్కడ మందులు, రానుపోను ఆటోలు కలుపుకున్నా అందులో చాలా తక్కువలో అయిపోయింది. బీపీ, షుగర్ చూశారు, ముందు రోజు పళ్ళు క్లీన్ చేశారు.

ఆపరేషన్ మత్తు ఇంజెక్షన్‌తోనే. అంగిలిలో గుచ్చే సూదే అన్నిటికంటే నొప్పి. కింద చిగురు దగ్గర పై పొర తీసి చోటు సిద్ధం చేస్తారు, అంగిలి పక్కభాగం నుంచి మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మందం ముక్క తీసి అక్కడ పెట్టి సన్నటి దారంతో కుడతారు, కదలకుండా కాసేపు తడి గాజుగుడ్డతో అదిమి పట్టుకుంటారు. ఆ ముక్క మొదటి రోజుల్లో కింద నుంచి ఊరే ద్రవంతోనే బతుకుతుంది, కొత్త రక్తనాళాలు అల్లుకోవడానికి టైమ్ కావాలి, అందుకే పెదవి లాగి చూసుకోవడం అసలు వద్దన్నారు. "మేడమ్, అద్దంలో తెల్లగా కనబడితే కంగారు పడకండి, పై పొర ఊడుతుంది, కింద బాగానే ఉంటుంది" అని పీజీ అమ్మాయి ముందే చెప్పింది. చెప్పకపోయి ఉంటే ఆ బూడిదరంగు చూసి నేను ఏడ్చేసేదాన్ని. అంగిలి మాత్రం వేడి పకోడీ కొరికి కాల్చుకున్నట్టు వారం దాకా మండింది, కింద అతికించిన చోట అంత బాధ లేదు. అంగిలికి సరిపడా ప్లాస్టిక్ ప్లేటు చేసిచ్చారు, తినేటప్పుడు అది పెట్టుకుంటే ప్రాణం లేచొచ్చేది. ఎక్కడ చేయించుకున్నా ఈ ప్లేటు ఇస్తారా అని అడగండి.

మొదటి రాత్రులు పాలకొల్లు వెళ్ళకుండా భీమవరంలోనే లాడ్జిలో ఉన్నాం. పాతిక కిలోమీటర్లే అయినా అర్ధరాత్రి రక్తం కారితే దగ్గర్లో ఉండాలని. గదిలో ఏసీ ఉంది, ఫ్రిజ్ లేదు. ఐస్ ప్యాక్ కోసం మా ఆయన కింద కూల్‌డ్రింక్ కొట్టుకి తిరిగారు, అందుకే గది చూసేటప్పుడు టీవీ సంగతి వదిలేసి ఫ్రిజ్ ఉందా, మెత్తటి అన్నం వండి పెట్టే హోటల్ పక్కన ఉందా అని చూసుకోండి. తర్వాత అత్తగారింట్లో చల్లారిన రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, కారం లేని పప్పు కట్టు, కొబ్బరినీళ్ళు గ్లాసులో పోసుకుని. స్ట్రా పెట్టి పీలిస్తే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది కాబట్టి బోండాంలో స్ట్రా వేసుకోవడం లేదు. మా ఆడపడుచు ఆత్రేయపురం పూతరేకులు తెచ్చింది, నోట్లో కరిగిపోతాయి కదా అనుకున్నాను, ఆ పొరలు దారాలకి అతుక్కుంటాయి ఆగమన్నారు. ఆ చోట బ్రష్ వద్దు, పొద్దునా సాయంత్రం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌తో పుక్కిలించడమే, దాంతో టీ రుచి కొన్నాళ్ళు తెలియలేదు. మొదట్లో బరువులు, పరుగులు వద్దన్నారు కాబట్టి తిరుగుడంతా పాలకొల్లు క్షీరారామం, భీమవరం గునుపూడి సోమారామం దర్శనాలతోనే సరి.

రెండు వారాలకి కుట్లు విప్పారు, కొత్త చిగురు గట్టిగా పట్టుకుంది. పక్క చిగురు కంటే లేత రంగులో అతుకు తెలుస్తుంది, ఈ రకం గ్రాఫ్ట్‌లో రంగు అలాగే తేడాగా ఉంటుందట. కింది పెదవి వెనక కాబట్టి నాకు పట్టింపు లేదు. నవ్వితే కనబడే పై పళ్ళకైతే అంగిలి లోపలి కండ తీసి చిగురు కింద దూర్చి కుట్టే పద్ధతి ఉంది, రంగు బాగా కలుస్తుంది, అది అడగండి. చల్లనీళ్ళకి జివ్వుమనడం చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. వేరు ఎంతవరకు కప్పుకుందో ఖాయంగా చెప్పడానికి కొన్ని నెలలు ఆగాలన్నారు.

సెలవు రెండు వారాలే ఉంటే ఈ పని పెట్టుకోకండి. మూడు, నాలుగు వారాలుంటే దిగిన వెంటనే చూపించుకోండి, పొగాకు, గుట్కా అలవాటున్నవాళ్ళు అది ముందే మానాలి, లేకపోతే ముక్క సరిగ్గా అతకదు. బయల్దేరే ముందు ఆపరేషన్ ముందూ తర్వాతా తీసిన ఫోటోలు, ఏ పద్ధతిలో చేశారో రాసిన కాగితం అడిగి తీసుకోండి. డల్లాస్‌లో మా డాక్టరు మొదట అడిగింది ఆ కాగితమే.