సెల్లార్‌లో సైకిల్ పోయాక కొన్న యూ లాక్: ఏడు నెలలు వాడి రాస్తున్నాను

మాది భీమవరం. రిటైరైన లెక్కల మాస్టారిని. రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద సైకిల్ తొక్కడం తప్ప వేరే వ్యసనం లేదు. ఈ యూ లాక్, అంటే యూ ఆకారపు కడ్డీకి అడ్డకడ్డీ బిగించే సైకిల్ తాళం, నేను కొన్నదే, ఎవరూ ఊరికే ఇచ్చింది కాదు. ధర 1,349 రూపాయలు, ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఎందుకు కొనాల్సి వచ్చిందో ముందు చెప్పాలి.

మా అపార్ట్‌మెంట్‌లో 20 ఫ్లాట్లు. సెల్లార్ అంటామే గానీ అది నేల మట్టానే ఉంటుంది. ఈ ఊళ్లో నాలుగడుగులు తవ్వితే నీళ్లొస్తాయి, సెల్లార్ ఎవరు కడతారు? కార్లకి గీతలు గీసి నంబర్లు వేశారు. సైకిళ్లకి మాత్రం జనరేటర్ వెనకాల, విరిగిన కుర్చీల పక్కన ఉన్న మూలే గతి. నా గేర్ల సైకిల్ అక్కడే ఉండేది. రిటైర్మెంట్ డబ్బుల్లోంచి 16,800 పెట్టి కొన్నది.

సంక్రాంతికి మా ఆవిడ పుట్టింటికి, పాలకొల్లు దగ్గరికి వెళ్లాం. ముక్కనుమ నాడు తిరిగొచ్చేసరికి సైకిల్ లేదు. కోసేసిన వైరు లాక్ ముక్క మాత్రం నేల మీద పడుంది. నంబర్లు తిప్పే రకం, 180 రూపాయలది. ప్లాస్టిక్ తొడుగు ఒలిచి చూస్తే లోపల సన్నటి తీగల పురి, అంతే. చేపల, రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి ఎక్కించే ఏరేటర్లకి కరెంటు వైరు లాగే ఊరిది. అలాంటి పురిని కొరికే కట్టర్ ఎన్ని ఇళ్లలో ఉంటుందో లెక్క కట్టక్కర్లేదు. పైగా నేను ఆ లాక్‌ని చక్రానికీ ఫ్రేముకీ కలిపి వేశాను గానీ దేనికీ కట్టలేదు. కొయ్యకపోయినా భుజాన వేసుకుని పోయేవాడే.

సీసీ కెమెరా గేటు వైపు ఉంది. పండగ మూడు రోజులూ చుట్టాల కార్లు వచ్చిపోతుంటే గేటు బార్లా తెరిచే ఉంది. జనరేటర్ వెనక ఏం జరిగిందో కెమెరాకి కనపడదు. అసోసియేషన్ మీటింగ్‌లో ఒకాయన తప్పంతా వాచ్‌మన్ మీదకి తోయబోయారు. పండక్కి అతనికి సెలవిచ్చి పంపింది మనమే కదండీ అన్నాను. కాఫీలొచ్చాయి, ఆ సంగతి అక్కడితో అయిపోయింది.

స్టేషన్‌కి వెళ్తే కానిస్టేబుల్ కుర్రాడు మర్యాదగానే కూర్చోబెట్టి అడిగాడు. "బిల్లుందాండీ? ఫ్రేము నంబరు?" బిల్లుంది, అందులో నంబరు లేదు. సైకిల్‌కి నంబరుంటుందనే నాకు తెలియదు. అతనే బయట మూలన పడున్న సైకిల్ ఒకటి తలకిందులు చేసి, పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అడుగున చెక్కిన అంకెలు చూపించాడు. దొరికిన సైకిల్ నాదేనని చెప్పడానికి ఆ అంకెలే ఆధారం. ఇంకో మాట కూడా చెప్పాడు. 2024 జూలై నుంచి దొంగతనానికి పాత శిక్షా స్మృతి (ఐపీసీ) 379వ సెక్షన్ కాదట, దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 303. పోయిన వస్తువు విలువ 5,000 లోపైతే, దొంగకి అదే మొదటి నేరమై, వస్తువో దాని విలువో తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవేనట. నాది 16,800 అని గర్వంగా చెప్పాను, అదేదో ఘనకార్యమైనట్టు. సైకిల్ మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

ఇక తాళం సంగతి. కొత్త సైకిల్ 9,500ది, గేర్లు లేవు. తాళం కడ్డీ మందం 14 మిల్లీమీటర్లని డబ్బా మీద ఉంది, స్కేలు పెట్టి చూశాను, సరిపోయింది. కిరాణా కొట్టు కాటా మీద పెడితే కిలో రెండొందల గ్రాములు తూగింది. కొట్టాయన "బెల్లమా మాస్టారూ?" అన్నాడు. నాకు నచ్చింది దీని బిగింపు. యూ కాళ్లు రెండూ అడ్డకడ్డీలో విడివిడిగా పడతాయి. ఒక కాలే పడే రకమైతే ఒక్కచోట కోసి మెలితిప్పితే ఊడొస్తుంది. దీనికి రెండు కోతలు పడాలి. తాళంచెవి బల్లపరుపుగా ఉన్నది కావాలని వెతికి మరీ తీసుకున్నాను. గుండ్రటి గొట్టంలాంటి చెవి ఉన్న తాళాల్ని 2004లో అమెరికాలో బాల్‌పెన్ను గొట్టంతో తెరిచి చూపించారు. అప్పట్లో అది పెద్ద గోలైంది.

ఇనుము కోసే బ్యాటరీ గ్రైండర్ తెచ్చిన వాడిని ఆపడం దీని వల్ల కాదు, ఒకట్రెండు నిమిషాలు పడుతుందేమో. కానీ ఆ చప్పుడుకి మూడో అంతస్తు వాళ్లు కూడా లేస్తారు. నాకు కావలసింది అంతే.

అసలు చిక్కు కొన్నాక తెలిసింది. దీన్ని దేనికి వెయ్యాలి? మా పిల్లర్లు మద్ది మానుల్లా ఉన్నాయి, యూ వాటి చుట్టూ తిరగదు. కిటికీ ఊచలు చేతికందవు. వారం రోజులు సైకిల్ చక్రాన్ని దాని ఫ్రేముకే కట్టి, టెన్షన్ పడుతూ రాత్రి రెండుసార్లు కిందకి దిగి చూసొచ్చేవాణ్ణి. మా ఆవిడ "పక్క కూడా కిందే వేసెయ్యమంటారా?" అంది. చివరికి వెల్డింగ్ కొట్టులో లావుపాటి ఇనప కడ్డీతో కొక్కెం చేయించి, గోడ కింద దిమ్మెలో కాంక్రీటు పోయించాను. మొత్తం 700 అయింది. అసోసియేషన్ ఒప్పుకోవడానికి రెండు మీటింగులు పట్టింది, గోడ రంగు పాడవుతుందని ఒకరి బాధ. ఇప్పుడు యూలో వెనక చక్రం, ఫ్రేము, కొక్కెం మూడూ ఇరుక్కుంటాయి. ఖాళీ మిగలదు కాబట్టి గునపం దూర్చి తిప్పడానికీ సందు ఉండదు. ఈ కొక్కెం ఖర్చు కూడా తాళం ధరలో కలిపి చూసుకోండి.

మార్కులు కోసేది తుప్పు దగ్గర. మా ఊరి గాలికి ఇనుము నిలవదు. జూలై వానలకి చెవి దూరే కన్నం మీదున్న ప్లాస్టిక్ మూత వదులైపోయింది. ఆగస్టులో ఒకరోజు చెవి సగం తిరిగి ఆగిపోయింది. కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వేసి పది నిమిషాలు కదిపితే దారికొచ్చింది. కొబ్బరినూనె మాత్రం పొయ్యకండి, దుమ్ము పట్టి జిగురైపోతుంది. 1,349 తీసుకుని ఆ మూత అంత పల్చగా చెయ్యడం నాకు నచ్చలేదు. సైకిల్‌కి తగిలించడానికి ఇచ్చిన పట్టీ కూడా రెండో వారానికే జారిపోయింది. వందకి 70 వేస్తాను, పేపరు నేను దిద్దితే ఎప్పుడూ అంతే.

మొన్న మా వాచ్‌మన్ తన పాత సైకిల్ తెచ్చి నా కొక్కెం పక్కన పెట్టి, "ఆయ్, నాది కూడా ఇందులో పట్టుద్దేమో సూడండి మాస్టారుగోరూ" అన్నాడు. పట్టలేదు. అతనికొకటి తెప్పిద్దామనుకుంటున్నాను. మూత గట్టిగా ఉన్న రకం ఈ వైపు వానల్లో ఎవరైనా వాడి ఉంటే చెప్పండి.